కొయ్యకాలు పాసైంది

గుంటూరులో నేను ఉద్యోగం చేసిన ఆఫీసుకి సర్కారువారు పెట్టిన పేరు బారెడు. ఊళ్లోవాళ్లు మాత్రం గుడ్డల ల్యాబు అనేవారు. ఆ బారెడు పేరు చెబితే రిక్షావాడు తీసుకెళ్లి కలెక్టరాఫీసు దగ్గర దింపేవాడు. గుడ్డల ల్యాబంటే తిన్నగా మా గుమ్మం ముందే ఆపేవాడు. మంగళగిరిలోనూ చీరాలలోనూ నేసిన చీరలు, పంచెలు, తువాళ్లు మా దగ్గరికి పరీక్షకి వచ్చేవి. నూలు సరైనదేనా, ఉతికితే రంగు దిగుతుందా, ఎంత లాగితే గుడ్డ చిరుగుతుంది అని చూసి, తగును అనో తగదు అనో రాసి పంపేవాళ్లం. అంటే గుడ్డలు చింపి జీతం తీసుకునేవాళ్లం. మా నాన్న మంగళగిరిలో మగ్గం నేసేవాడు. "నేను నేసింది చింపడానికి మా అమ్మాయిని బీయెస్సీ చదివించానయ్యా, నా అంత తెలివిగలవాడు ఈ పేటలో లేడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

అరవైల మొదట్లో మాట ఇది. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. ల్యాబు మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. రోజూ మంగళగిరి నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని.

ఇంట్లో అమ్మ ఎడమ కాలికి, చీలమండ పైన లోపలి వైపు, పుండు ఉండేది. పడుగు పోయడం, వీధిలో చాపిన పడుగుకి గంజి పట్టించడం, అన్నీ నిలబడి చేసే పనులే. నిలబడీ నిలబడీ రెండు కాళ్ల మీదా నరాలు తాళ్లలా ఉబ్బాయి. ఎడమ కాలి మీద ఒక నరం చిట్లి పుండయింది. వేపాకు ముద్ద, పసుపు, ఎవరో ఇచ్చిన తైలం, ఇంకెవరో ఊదిన మంత్రం అన్నీ అయ్యాయి. పుండు మాత్రం ఇల్లు కదల్లేదు. పేటలో ఆడవాళ్లు పని లేనప్పుడల్లా వచ్చి కట్టు విప్పించి చూసి, అయ్యో అని, తలో సలహా ఇచ్చి పోయేవారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు.

చివరికి నేనే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి లేడీ డాక్టరు గారు పుండు కాసేపే చూసి, కాలు చాలాసేపు చూశారు. "ఇది పుండు జబ్బు కాదమ్మా, నరాల జబ్బు. కిందికి దిగిన రక్తం పైకి ఎక్కడం లేదు. ఎన్ని మందులు రాసినా మందులే అయిపోతాయి. రెండు కాళ్లకీ బిగుతు మేజోళ్లు వేయాలి, పాదం నుంచి మోకాలి దాకా. ఇట్లాగే వదిలేస్తే ఎముక దాకా పోతుంది. అప్పుడు కాలు తీసేయడమే" అన్నారు. ఆ మేజోళ్లు మద్రాసులో దొరుకుతాయట, ఖరీదైన సీమ సరుకు. నేతగాడి ఇంట్లో వాటి మాటెత్తడం కూడా దండగే.

సరిగ్గా ఆ రోజుల్లోనే గుంటూరులో బనియన్లు అల్లే సొసైటీ ఒకటి, రబ్బరు దారం తెప్పించి అలాంటి మేజోళ్లు అల్లడం మొదలుపెట్టింది. మా ల్యాబు తగును అంటే ఆసుపత్రి కొని రోగులకి ఊరికే ఇస్తుంది. ఆ పరీక్ష నా బల్ల మీదికే వచ్చింది. అమ్మ కాలు దక్కుతుందా లేదా అన్నది ఒక మేజోడు పాసవుతుందా లేదా అన్న దగ్గరికి వచ్చి ఆగింది.

మా ఆఫీసరు గారు మద్రాసులో చదువుకున్న మనిషి. కొలవలేనిది లోకంలో లేనట్టే అని ఆయన నమ్మకం. దోమ కుడితే దద్దురుకి స్కేలు పెట్టి చూసుకుంటారని మా బంట్రోతు అనేవాడు. మేజోడు ఎంత బిగిస్తుందో చూడాలంటే కాలు కావాలి గదా. మనిషి కాలు పనికిరాదన్నారు ఆఫీసరు గారు. "మనిషి కాలు పొద్దున ఒకలా ఉంటుంది, సాయంత్రం ఒకలా ఉంటుంది. ఉప్పు ఎక్కువ తింటే ఉబ్బుతుంది. దాన్ని నమ్మలేం. కొయ్యకాలు చేయిద్దాం."

"ఉబ్బే కాళ్ల కోసమే గదండీ ఈ మేజోడు. ఉబ్బని కాలి మీద చూస్తే ఏం తెలుస్తుంది?" అన్నాను.

"దాన్నే ప్రమాణం అంటారమ్మా" అన్నారాయన. ఆయన దగ్గర ప్రతి ప్రశ్నకీ చివర్లో ఈ మాట ఉండేది.

కొయ్యకాలు చేసే పని మా ఊరి వడ్రంగికే ఇప్పించాను. ఆయన పుట్టి బుద్ధెరిగాక గుళ్ల వాహనాలు, ద్వారపాలకుల బొమ్మలు తప్ప వేరే చెయ్యలేదు. మోకాలి దాకా కాలు చెయ్యమంటే ద్వారపాలకుడి కాలు చేసి తెచ్చాడు. టేకు కర్ర, మెరుగుపెట్టి నిగనిగలాడించాడు. పిక్క బూడిద గుమ్మడికాయంత. చీలమండ నాజూకు. వేళ్లకి గోళ్లు కూడా చెక్కాడు. గుంటూరు జిల్లాలో అలాంటి కాలు ఎవరికీ లేదు, ఉన్నా వాళ్లు ఆసుపత్రికి రారు. ఆఫీసరు గారికి మాత్రం అది తెగ నచ్చింది. దసరాకి ఆయుధపూజ నాడు తక్కెడకీ తూనికరాళ్లకీ పెట్టినట్టే మా బంట్రోతు దానికీ బొట్టు పెట్టి, ముందు కొబ్బరికాయ కొట్టాడు. ఆఫీసుకి పని మీద వచ్చినవాళ్లు కొందరు అది ఏ దేవుడిదో అడక్కుండానే దణ్ణం పెట్టి పోయేవారు.

పరీక్ష ఇదీ. ఆసుపత్రిలో రక్తపోటు చూసే పెట్టె ఉంటుంది గదా, దాని రబ్బరు సంచిని కొయ్యకాలికి చుట్టి, పైన మేజోడు తొడిగి, పాదరసం ఎంత ఎత్తు లేచిందో చూడాలి. చీలమండ దగ్గర బిగుతు ఎక్కువుండాలి. పైకి పోను తగ్గుతూ రావాలి. తిరగబడితే రక్తం ఇంకా కిందికే దిగుతుంది. తర్వాత మేజోడిని పలుమార్లు ఉతికించి మళ్లీ చూడాలి. ఉతికే యంత్రం మా ల్యాబుకి రావలసి ఉంది. నేను చేరిన నాటి నుంచీ రావలసే ఉంది. అందుకని ఆఫీసు బట్టలు ఉతికే చాకలికి వేశారు.

పాపం ఆయన సర్కారు బట్ట గదా అని శ్రద్ధ తీసుకున్నాడు. సోడా వేసి ఉడికించి, బండ మీద బాది, చిక్కటి గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో మడత పెట్టి తెచ్చాడు. బల్ల మీద పెడితే మేజోడు తనంతట తనే నిలబడింది. దాన్ని నానా తంటాలూ పడి కొయ్యకాలికి ఎక్కిస్తే పాదరసం గొట్టం పైదాకా లేచింది. ఆఫీసరు గారి ముఖం వెలిగిపోయింది. "చూశావా, ఉతికితే బిగుతు పెరుగుతోంది. ఇది సామాన్యమైన సంగతి కాదు, రాసుకో."

"అది బిగుతు కాదండీ, గంజి" అన్నాను.

గంజి వదిలేదాకా నానబెట్టి చూస్తే రబ్బరంతా చచ్చిపోయి మేజోడు పాత గోనెసంచిలా వేలాడింది. సొసైటీ నుంచి కొత్త జతలు తెప్పించి, ఈసారి వరండాలో బకెట్టు పెట్టుకుని సబ్బునీళ్లలో నేనే పిసికి ఉతికాను. ఈ సంగతి తెలిసి నాన్న మగ్గం గుంటలో కూచుని పడీపడీ నవ్వాడు. "చింపడం అయింది, ఇప్పుడు ఉతకడమా. అయినా సాగే గుడ్డ కూడా గుడ్డేనటే? నా బతుకంతా సాగకుండా నేయడానికే సరిపోయింది." నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆయనకి ఉబ్బసం. వానాకాలం వస్తే వీధి చివరిదాకా వినపడేది.

ఉతికిన మేజోడు మళ్లీ తొడిగాం. చీలమండ దగ్గర గట్టిగా, పిక్క దగ్గర తగ్గి, మోకాలి కింద ఇంకా తగ్గి, పాదరసం పుస్తకంలో చెప్పినట్టే నిలబడింది. "అమ్మాయిగారూ, కొయ్యకాలు పాసైందండి" అన్నాడు బంట్రోతు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. సంతోషానికి ఏడుస్తారని అంతకు ముందు వినడమే.

ఆసుపత్రివాళ్లు కొనేముందు కొందరు రోగులకి తొడిగి చూపించమన్నారు. ఆడవాళ్ల వార్డు గనక నన్నే పంపారు. మొదటి మంచం మీద సత్తెనపల్లి వైపు ఆమె, ఏళ్ల తరబడి మిర్చి యార్డుల్లో నిలబడి కాయలు ఏరిన మనిషి. ఆమె కాలు పట్టుకుని మేజోడు ఎక్కించబోయాను. రెండో వేలి దగ్గర పట్టేసింది. వెండి మెట్టె అంచు అల్లికలోకి దిగింది. లాగితే పోగు తెగింది, వేలు నొక్కుకుని ఆమె కెవ్వుమంది.

"మెట్టెలు ఓసారి తీస్తారా అమ్మా?" అన్నాను.

పక్క మంచాలవాళ్లు మా వైపు తిరిగారు. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నా మొగుడు బతికే ఉన్నాడమ్మాయ్. బయట బీడీ తాగుతున్నాడు, కావాలంటే చూసిరా." మళ్లీ నా కాళ్లకేసి చూసి, "నీకు పెళ్లయిందా?" అంది.

"లేదండీ."

"అదీ సంగతి."

పక్క మంచం మీద కొత్తపట్నం నుంచి వచ్చిన చేపలమ్మే ఆమె, వేటకి పోయిన మొగుడు ఒడ్డు చేరేదాకా మెట్టె మీద చెయ్యి కూడా వేయనంది. ఆ పక్కన పొదిలి దర్జీ గారి భార్య, సాయిబుల ఇంటి కోడలు, చీర అంచు పాదాల మీదికి లాక్కుంటూ "మాకూ అంతేనమ్మా. మా అత్తగారు చూసిందంటే గుమ్మం ఎక్కనియ్యదు" అంది. అన్ని కాళ్లకీ మెట్టెలే. మూల మంచం మీద ఉన్న ముసలమ్మ మాత్రం తనే కాలు చాపింది. "నాకు తొడుగు తల్లీ, నాకే అడ్డమూ లేదు" అంది. ఆమె కాలికి మేజోడు నూనె రాసినట్టు ఎక్కింది. అంత బాగా ఎక్కినందుకు నాకు ఏడుపొచ్చింది.

ఆ మేజోడు మొదట గీసినవాళ్ల దేశంలో ఆడవాళ్లు కాలివేళ్లకి వెండి పెట్టుకోరు. సరే, వాళ్లకి తెలియదు. మా ఆఫీసరు గారి భార్యకి మెట్టెలున్నాయి. అల్లినవాళ్ల భార్యలకీ, కాలు చెక్కినాయన భార్యకీ, బంట్రోతు భార్యకీ ఉన్నాయి. మేజోడు వేయమని చెప్పిన డాక్టరమ్మకి కూడా ఉన్నాయి. రోజూ అమ్మ కాలికి కట్టు కట్టే నా కళ్లెదురుగానే ఉన్నాయి. ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. ద్వారపాలకుడికి మెట్టెలుండవు గదా మరి.

సంగతి చెబితే ఆఫీసరు గారు కంగారు పడలేదు. కొలవడానికి ఇంకోటి దొరికిందని ఆయనకి హుషారొచ్చింది. కొయ్యకాలికి మెట్టెలు తొడిగి చూద్దామన్నారు. బంట్రోతు నసిగాడు. "పెళ్లి కాని కాలికి మెట్టెలు ఎట్లా పెడతామండి? పైగా అది మగకాలాయె."

"ప్రభుత్వం దృష్టిలో ఆడామగా తేడా లేదు" అన్నారు ఆఫీసరు గారు.

బజారు నుంచి మెట్టెలొచ్చాయి. బంట్రోతు కళ్లు మూసుకుని, ఏదో గొణుక్కుని తొడిగాడు. మేజోడు ఎక్కించిన ప్రతిసారీ వేళ్ల దగ్గర చిరిగింది. ఆఫీసరు గారు బాగా ఆలోచించి, లోపం మేజోడిలో లేదు, ఆభరణంలో ఉందని తేల్చారు. వేళ్ల దగ్గర మూయకుండా అల్లమని చెబుదామండీ అంటే, వేళ్లు మూయనిది మేజోడే కాదన్నారు, దానికి వేరే ప్రమాణం రావాలన్నారు. నేను ఊరుకోలేక ఒక పాత మేజోడు ముందు భాగం కత్తెరతో కోసి చూశాను. అల్లిక కదా, తెగిన చోటు నుంచి పోగు జారీ జారీ మడమ దాటి పోయింది. చివరికి నివేదికలో "మెట్టెలు లేని కాళ్లకు తగును" అని రాసి హైదరాబాదు పంపారు. జిల్లాలో మెట్టెలు లేని స్త్రీలు ఎందరో తెలియజేయవలసిందని అక్కణ్ణుంచి జవాబొచ్చింది. అక్కడితో ఆ ఫైలు పడుకుంది, ఇప్పటికీ లేచినట్టు లేదు.

పరీక్ష అయిపోయాక చిరగకుండా మిగిలిన జతల్ని అమ్మకూడదు, పారేయకూడదు. మరి ఏం చేయాలో నియమం లేదు. నియమం లేని వస్తువంటే ఆఫీసరు గారికి భయం. "మీ అమ్మగారికి తీసుకుపో తల్లీ" అన్నారు. ఆయన మీద నాకున్న కోపంలో సగం ఆ మాటతో పోయింది.

ఇంటికి తెచ్చి అమ్మ ముందు పెట్టాను. అప్పటికి పుండు అరచేయంత అయింది. ఈ వానాకాలం దాటితే ఇక తన చేతుల్లో లేదని డాక్టరమ్మ చెప్పేశారు. అమ్మ మేజోడు చూసింది, మెట్టెలు చూసుకుంది, మేజోడు మడిచి నా ఒళ్లో పెట్టింది.

"వద్దులే తల్లీ" అంది.

"కాలు తీసేస్తారే. అర్థమవుతోందా నీకు?"

"కాలు పోతే ఇంకో కాలుంది. ఇవి తీస్తే..." అని మగ్గం వైపు చూసి ఆగిపోయింది. నాన్న లోపల దగ్గుతున్నాడు. ఆ ఊపిరి ఆగకుండా ఉన్నది తన కాలివేళ్ల బలం వల్లనే అని ఆమె నమ్మకం. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. నోటికొచ్చిందల్లా అన్నాను. మెట్టెల్ని, నమ్మకాల్ని, ల్యాబుని, ఆఫీసరు గారిని, కొయ్యకాలిని అందర్నీ కలిపి తిట్టాను. అమ్మ బియ్యం ఏరుకుంటోంది.

మగ్గం చప్పుడు ఆగింది. మిట్టమధ్యాహ్నం నాన్న మగ్గం గుంట లోంచి లేవడం నేనెప్పుడూ చూడలేదు. చేతిలో సన్నదారం కండె, కొబ్బరినూనె సీసాతో వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూచున్నాడు. అన్నం పెట్టావా అని తప్ప ఆమెని మరో ప్రశ్న అడిగి ఎరగని మనిషి.

"కాలు చాపు."

"ఎందుకు?"

"నా ప్రాణం నీ కాలివేళ్లలో ఉందా?"

అమ్మ బియ్యం చేట పక్కకి జరిపింది.

"ఉంటే, పక్కనే అంత పుండు పెట్టుకుని దాన్నేం కాపాడుతున్నావే? పీటల మీద ఇవి ఎవరు తొడిగారు?"

"మీరే."

"తొడిగినవాడికి తీసే హక్కు లేదా? చాపు."

వేలు వాచి మెట్టె కండలోకి దిగిపోయింది. నాన్న దారాన్ని వేలి కొస నుంచి మెట్టె దాకా సందు లేకుండా బిగించి చుట్టాడు. వాపు అణిగింది. నూనె వేసి నెమ్మదిగా జరిపాడు. నొప్పికి అమ్మ కాలు విదిలిస్తే అది పోయి ఆయన గుండెల మీద తగిలింది. దగ్గు తెర వచ్చింది. "చూశారా, అప్పుడే మొదలైంది" అని అమ్మ గొల్లుమంది. "ఇది పాత దగ్గేలేవే, దానికీ దీనికీ చుట్టరికం లేదు" అంటూ ఆయన దగ్గుతూనే రెండో కాలు అందుకున్నాడు. మెట్టెలన్నీ వచ్చాక పంచె కొంగుతో తుడిచి, మొలతాడుకి కట్టుకున్నాడు. "నన్ను కాపాడేవే అయితే నా దగ్గరుంటేనే మంచిది" అన్నాడు. మేజోళ్లు నా చేతిలోంచి లాక్కున్నాడు. ఆయనే తొడిగాడు, సాగే గుడ్డని తిట్టుకుంటూ.

కట్టు చూడ్డానికి వచ్చిన పేట ఆడవాళ్లకి ఇక మేజోడు తప్ప ఏమీ కనపడలేదు. వేళ్లు మూయనిది మేజోడు కాదని పట్టుబట్టిన మా ఆఫీసరు గారి పుణ్యాన అమ్మ వేళ్లకి మెట్టెలున్నాయో లేవో ఆ వీధిలో ఎవరికీ తెలియలేదు. ఆయన చేసిన మేలు ఆయనకి కూడా తెలియదు. పుండు అంచుల నుంచి ఎర్రగా కండ పట్టుకుంటూ వచ్చి, మరుసటి వేసవికి మానింది. మగ్గం ఆడుతున్నప్పుడు నాన్న నడుం దగ్గర సన్నగా వెండి చప్పుడయ్యేది. అది విని అమ్మ తల వంచుకుని నవ్వుకునేది.

ఆ తర్వాత నాన్న కొన్నేళ్లు ఉన్నాడు. ఒక వానాకాలం ఉబ్బసం ఎక్కువై పోయాడు. స్నానం చేయించేటప్పుడు మొలతాడు తెంపబోతే అమ్మ వద్దంది. ఎందుకని అడిగే స్థితిలో ఎవరూ లేరు.

పదో రోజున గాజులు, బొట్టు, సూత్రాలు అయ్యాక మా మేనత్త, నాన్నకి అక్క, అమ్మ కాళ్ల దగ్గర కూచుని మేజోడు లాగింది. చుట్టూ ఆడవాళ్లు ఏడుపు ఆపి ముందుకి వంగారు. ఆ వేలూ ఈ వేలూ చూసి, రెండో మేజోడు కూడా లాగి చూసి, మేనత్త తలెత్తింది.

"మెట్టెలేవే?"

"ఆయనే తీశాడు వదినా, ఆయనే పట్టుకుపోయాడు. మీరు తీయడానికి ఏం మిగల్లేదు. ఆ మేజోళ్లు ఇట్లా ఇవ్వండి, కాళ్లు లాగుతున్నాయి" అంది అమ్మ.